ఆయుధపూజకు బానెట్ ఎత్తండి

జనవరిలో చలి మైనస్ ఇరవై డిగ్రీలకు దిగిన రోజున మినియాపొలిస్, షికాగో, డెట్రాయిట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారుతూనే ఒక కేక వినిపిస్తుంది: ‘బండి స్టార్ట్ కావట్లేదు, జంపర్ కేబుల్స్ ఎవరి దగ్గరైనా ఉన్నాయా?’ కాసేపటికే ఎవరో ఒకరు జాకెట్ తగిలించుకుని బయల్దేరతారు. పరాయి దేశంలో ఇది చిన్న ఆసరా కాదు. అయితే సాయం చెయ్యాలన్న ఆత్రం ఉన్నంతగా, దాన్ని ఏ వరసలో చెయ్యాలో, ఎప్పుడు అసలు ముట్టుకోకూడదో అన్న ఎరుక మనవాళ్లలో లేదు. ఉండమంటే ఎక్కడినుంచి వస్తుంది? గుంటూరులోనో కరీంనగర్‌లోనో బండి నేర్చుకున్నవాడికి గడ్డకట్టిన బ్యాటరీ గురించి ఎవరు చెబుతారు? తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వారు లక్షల్లో బ్యాటరీలు తయారు చేస్తున్నారు కానీ, మన నేల మీద వాటికి శత్రువు ఎండే తప్ప మంచు కాదు.

ఆ మాటకొస్తే అమెరికాలోనూ మొదటి దెబ్బ ఎండదే. కార్లలో ఎక్కువగా కనిపించే సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. సీసపు పలకలు, వాటి మధ్య సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు. మూలసూత్రం ఇప్పటికీ అదే. జులై, ఆగస్టు వేడికి లోపలి నీరు తరుగుతుంది, పలకలు తుప్పు పడతాయి. అందుకే ఫీనిక్స్ లాంటి ఎండల ఊళ్లలో బ్యాటరీలు ఉత్తరాది కన్నా త్వరగా పోతాయి. చలికాలం వచ్చేసరికి మూలిగే నక్క మీద తాటికాయ పడుతుంది. నీరు గడ్డకట్టే చలిలో బ్యాటరీ బలం మూడో వంతు దాకా తగ్గుతుంది. మైనస్ 18 దగ్గర సగానికి పైనే పోతుంది. అదే సమయానికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి, సెల్ఫ్ మోటారుకు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు కావాల్సివస్తుంది. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో అది 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. కొనేటప్పుడు ధర చూస్తాం, వారంటీ చూస్తాం, ఈ అంకెను చూడం.

ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చే సంగతి. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50కి దిగినా గడ్డకట్టదు. దిగిపోయిన బ్యాటరీలో ద్రవం దాదాపు ఉత్త నీళ్లే కాబట్టి మైనస్ ఏడు, ఎనిమిది డిగ్రీలకే మంచుగడ్డ అవుతుంది. డిసెంబరు సెలవులకు ఇండియా వచ్చి, సంక్రాంతి చేసుకుని వెనక్కి వెళ్లేవాళ్ల కారుకు జరిగేది ఇదే. నెలరోజులు కదలని కారులో గడియారం, అలారం చుక్క చుక్కగా కరెంటు తాగేస్తాయి. వెళ్లేముందు మైనస్ వైరు ఊడదీయడమో, కరెంటు ప్లగ్గు దగ్గర్లో ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించడమో చేస్తే సరిపోతుంది. ‘వారానికోసారి ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపెయ్’ అని స్నేహితుడికి తాళం ఇచ్చి వెళ్లడం వల్ల ఫలితం లేదు. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన చార్జి ఆ ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. బండిని అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి.

బ్యాటరీ పక్కలు ఉబ్బినా, పెట్టె చిట్లినా, లోపల మంచు కనిపించినా కేబుల్స్ తగిలించకూడదు, చార్జరు పెట్టకూడదు. గడ్డకట్టినదానిలోకి కరెంటు తోస్తే లోపల పుట్టిన వాయువుకు దారి దొరక్క అది పేలవచ్చు. వేడినీళ్లు పొయ్యడం, లైటర్ వెలిగించి చూడడం అంతకన్నా పిచ్చిపని. పూర్తిగా కరిగాక మెకానిక్ చేత పరీక్ష చేయించాలి. చాలాసార్లు కొత్తది కొనక తప్పదు. ఆ రోజు ఆఫీసుకు వెళ్లకపోయినా కొంప మునగదు.

గడ్డకట్టలేదని తేలితే అప్పుడు కేబుల్స్. రెండు బళ్లూ ఆపి, ఎర్ర క్లిప్పు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరిదాన్ని దిగిపోయిన బ్యాటరీకి పెట్టకుండా, దానికి దూరంగా ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు పెట్టాలి. తీసేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది. చివరి క్లిప్పును బ్యాటరీకి దూరంగా పెట్టమనేది ఎందుకంటే, అది తగిలేటప్పుడు నిప్పురవ్వ ఎగరడం మామూలు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది. గాలిలో అది నాలుగు శాతం ఉన్నా అంటుకుంటుంది. నేరుగా మైనస్‌కే పెట్టినా బండి స్టార్టవుతుంది, చిక్కంతా అక్కడే. పదిసార్లు ఏమీ కాకపోతే అదే పద్ధతి అనుకుంటాం. ఇక ప్లస్, మైనస్ తారుమారైతే కారులోని ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. కొన్ని కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కనుక ముందు మాన్యువల్ తెరవాలి. కళ్లకు అద్దాలు ఉండాలి. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

స్టార్టయిన బండిని చలికి భయపడి మూసిన గ్యారేజీలో ఉంచకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బయట నిలిపినా సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డుపడలేదు కదా అని చూసుకోవాలి. ఎలక్ట్రిక్ కారు కొన్నాం, మాకీ గొడవ లేదనుకునేవారికి ఒక మాట: వాటిలోనూ తాళాలకు, తెరలకు విడిగా చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

చలిని వ్యవహారంగా చూసే సమాజాలు ఎలా ఉంటాయో కెనడా చెబుతుంది. విన్నిపెగ్, ఎడ్మంటన్‌లలో చాలా పార్కింగ్ స్థలాల్లో కార్ల కోసం కరెంటు ప్లగ్గులుంటాయి. రాత్రంతా ఇంజన్‌ను వెచ్చగా ఉంచే హీటర్‌కు అవి ఆధారం. అలాంటి హీటర్‌కు నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ 1949లో పేటెంటు పొందాడు. అలాంటి చలి ఊళ్లవాళ్లు శరత్కాలంలోనే సిద్ధపడతారు.

మనకూ ఆ కాలంలోనే ఒక పండగ ఉంది. అమెరికా గుళ్లలోనూ దసరా ఆయుధపూజకు కార్లు వరసకట్టి, పసుపు కుంకుమలు పెట్టించుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాయి. అంతమంది, అన్ని బళ్లు మళ్లీ ఒక్కచోట దొరకవు. తెలుగు సంఘాలు ఆ రోజే ఒక మెకానిక్‌ను, ఒక మల్టీమీటరును కూర్చోబెట్టాలి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ. నాలుగేళ్లు దాటినదాన్ని లోడు పరీక్షకు పంపాలి. విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగానే చేస్తాయి. కొత్తగా వచ్చిన విద్యార్థుల చేత కేబుల్స్ వరసను ఓసారి చేయించి చూడాలి. పాటల కచేరీకి పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి రాదు. హారతి అయ్యాక పావుగంట చాలు.