దేహం అమానత్: దాచుకున్న నొప్పి



నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతాల్లో కడుపునొప్పి, నడుమునొప్పి అనగానే మన మనస్సు మూత్రపిండాల మీదికే పోతుంది. ఉద్దానం బాధ ఎరిగినవారికి ఆ భయం సహజం. అయితే రక్తంలో క్రియాటినిన్ సరిగా ఉందని తేలగానే నిశ్చింతగా ఉండిపోరాదు. స్త్రీలలో ఆ నొప్పికి అండాశయంలోని గడ్డ కూడా కారణం కావచ్చు.

అటువంటి గడ్డల్లో 'డెర్మాయిడ్' ఒకటి. అండాన్ని ఇచ్చే కణాల నుండి పుడుతుంది గనుక దానిలో వెంట్రుకలు, కొవ్వు, పళ్లు, ఒక్కొక్కసారి మెదడు కణజాలం సైతం ఉంటాయి. అది విని కొందరు చేతబడి అంటారు. మరికొందరు అమ్మాయి శీలాన్నే శంకిస్తారు. రెండూ అన్యాయమే. ఇది గర్భం కాదు. అవివాహితలకూ, చిన్న వయస్సు బాలికలకూ వస్తుంది. నిర్దోషురాలిపై నింద మోపడం ఎంతటి పాపమో మనకు తెలియనిది కాదు.

ఈ గడ్డల్లో అత్యధికం ప్రాణాపాయం లేనివి. నూటికి ఒకటి రెండింటిలో మాత్రమే క్యాన్సర్ తలెత్తుతుంది. బహు అరుదుగా, లోపలి మెదడు కణజాలం నుండి ఆస్ట్రోసైటోమా, ఎపెండిమోమా వంటి మెదడు కణితులే అండాశయంలో పుడతాయి. తలలోని మెదడుకు వ్యాధి సోకిందని దీనికి అర్థం కాదు. తీసిన గడ్డను సూక్ష్మదర్శినితో పరీక్షిస్తేనే ఇది నిర్ధారణ అవుతుంది. కనుక శస్త్రచికిత్స తరువాత బయాప్సీ నివేదికను అడిగి తీసుకొని భద్రపరచాలి. వ్యాధి ఒక అండాశయానికే పరిమితమైతే, రెండవదాన్ని నిలిపి సంతానయోగ్యతను కాపాడడం తరచు సాధ్యమే.

మరొక సంగతి. గడ్డలోని మెదడు కణజాలంపై శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు అసలు మెదడునూ దెబ్బతీయగలవని 2007లో డాక్టర్ జోసెప్ డాల్మావ్ బృందం వెల్లడించింది. ఆరోగ్యంగా ఉన్న యువతి హఠాత్తుగా అసంబద్ధంగా మాట్లాడినా, మూర్ఛలు వచ్చినా జిన్ను పట్టిందని తావీజుతో సరిపెట్టక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దుఆ చేయండి, వైద్యమూ చేయించండి.

పొట్ట ఉబ్బరం తగ్గకున్నా, చేతికి గడ్డ తగిలినా స్కానింగ్ చేయించుకోవాలి. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే గడ్డ మెలిపడి ఉండవచ్చు, తెల్లవారేదాకా ఆగరాదు. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగితే మూత్రపిండాలకూ చేటే.

హయా విశ్వాసంలో భాగమే. కానీ అది వ్యాధిని దాచమనదు. మహిళా వైద్యురాలు దొరికితే మేలు. దొరకనప్పుడు అవసరం మేరకు షరీఅత్ అనుమతి ఉంది. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను కల్పించాడని దైవప్రవక్త (స) బోధించారు. తల్లులారా, మీ కుమార్తెలు చెప్పుకోలేని బాధను మీరే అడిగి తెలుసుకోండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.