సోమశిల ఒడ్డున వాటా ఇల్లు

పది కుటుంబాలు కలిసి ఊరికి దూరంగా ఒక ఇల్లు కట్టుకుని, వంతులవారీగా సెలవులు గడపాలనుకుంటే వాళ్ల చూపు సోమశిల మీద పడటం సహజం. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు, ఎదురుగా నల్లమల. కృష్ణ మీద సిద్ధేశ్వరానికి వంతెన 2022లోనే మంజూరైంది. 2024లో ఇక్కడి పర్యాటక ప్రాజెక్టుకు కేంద్రం రూ.68.10 కోట్లు ఇస్తానంది. నేల ధర పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

వాటా పద్ధతిని తేలిగ్గా తీసిపారేయలేం. ఒక్కరే కట్టుకున్న ఇల్లు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటుంది. పదిమంది కలిసి కట్టుకుంటే నేల తక్కువ పడుతుంది, పొయ్యి ఎక్కువ రోజులు వెలుగుతుంది. పాలు, కూరగాయలు, చేపలు ఊళ్లోనే అమ్ముడవుతాయి. తట్టా బుట్టా సర్దుకుని ముంబైకి, పూణెకు వలసపోయిన ఈ పాలమూరు ప్రాంతానికి అదేం చిన్న సంగతి కాదు.

కానీ ఆ జలాశయపు నీటి కింద ఉన్నవి ఊళ్లు. సోమశిల గుడి కూడా ముంపు నుంచి తరలి వచ్చిందే. ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగమన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. దాని కోసం తిరిగి తిరిగి ఉద్యోగ వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు. తాత పొలం మునిగిన నీళ్లను చూపించి ఎవరో గదులు అమ్ముకుంటే, మనవడికి వాచ్‌మన్ పనే దక్కితే, దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

కొనేవాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. జలాశయం నిండితే 885 అడుగులు. ఎండాకాలానికి నీళ్లు బాగా వెనక్కి పోయి, అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. పదిమందిలో ప్రతివాళ్లూ దసరాకో సంక్రాంతికో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడే కావాలంటారు. పిల్లలకు బడి సెలవులు వచ్చే మే నెలలో మిగిలేది బురద ఒడ్డు. ఇక కాగితం మాట. క్లబ్బు సభ్యత్వమైతే కొన్నేళ్లపాటు బస చేసే హక్కే, పైగా ఏటా నిర్వహణ రుసుము. నేల రాదు. అవిభక్త వాటా రిజిస్టరైతే నేల మీద హక్కు వస్తుంది, కానీ ఒక్కరు పంపకం కోరి కోర్టుకెక్కినా తక్కిన అందరూ బోనెక్కాల్సిందే. వాటాదారు పోతే వారసులతో కొత్త లెక్క మొదలు.

పాలమూరులో మిగతా చోట్ల సంగతి వేరు. అలంపురం జోగులాంబకు, నవబ్రహ్మ ఆలయాలకు వచ్చేవాళ్లు దర్శనం చేసుకుని సాయంత్రానికి కర్నూలో హైదరాబాదో చేరుకుంటారు. వాళ్లకు కావలసింది సెలవుల ఇల్లు కాదు, ఒక రాత్రికి శుభ్రమైన గది. అది ఉంటే మర్నాడు గద్వాలలో మగ్గం ముందు కాసేపు కూర్చుంటారు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ పోగు పోగుగా ఎలా కలుపుతారో చూసినవాళ్లు చీర ధర దగ్గర అంతగా బేరమాడరు. వనపర్తిలో రాజమహలు పాలిటెక్నిక్‌గా బతికే ఉంది. శ్రీరంగాపురం గుడికి పక్కనే చెరువుంది. ఈ రెండు చోట్లా ఊళ్లోని పాత ఇళ్లను బాగుచేసి అద్దెకిస్తే చాలు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మాత్రం ఏ వాటా ఇల్లూ వద్దు. షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనేతరులకు భూమి అమ్మకుండా 1/70 చట్టం ఉంది. చెంచుల పేరు అడ్డం పెట్టుకుని దాన్ని దాటాలని చూసేవాళ్లను అక్కడే ఆపాలి. పులిని చూడాలనుకునేవాళ్లకు మన్ననూరులో అటవీ శాఖ బస ఉండనే ఉంది.

సోమశిలలో మాత్రం వాటా ఇళ్లు రావచ్చనే నా అభిప్రాయం, ఒక షరతు మీద. పదిమంది వాటాదారులతో పాటు పదకొండో వాటా ముంపు కుటుంబాల సంఘానిది కావాలి. దాని ఆదాయం, నిర్వహణలో దాని మాట, పడవలు నడిపే హక్కు మొదటి ఒప్పందంలోనే రాయాలి. పునాది పడ్డాక ఇస్తామంటే ఆ ఊళ్లు నమ్మవు. 98వ జీవో చూసిన కళ్లవి.