అది మొగలుల కోట కాదు

ముస్లిం కట్టిన ప్రతి గోడా ఈ దేశంలో మొగలాయిదే. ఆ గోడ పక్కన బతికే ముస్లిం మాత్రం ఎప్పటికీ 'బాబర్ సంతానమే'. మొదటి మాట పొగడ్తనీ రెండోది తిట్టనీ మన సెక్యులర్ మిత్రులు అనుకుంటున్నారు. రెండూ ఒకే మాట.

జి.మాడుగులలో ఒక టీకొట్టు గోడకి క్యాలెండర్ వేలాడుతోంది. ఒక పేజీలో ఆ మండలంలోదే కొత్తపల్లి జలపాతం. ఇంకో పేజీలో గోల్కొండ: వానాకాలపు పచ్చదనం, నల్లరాతి గుండ్లు, వాటిమీదికి పాకిన బురుజులు. ఫొటో బాగానే ఉంది. కింద మాత్రం 'మొగలుల కోట' అని అచ్చేశారు.

అయ్యా, గోల్కొండ మొగలులు కట్టిన కోట కాదు. మొగలులు కూల్చిన రాజ్యం. 1656లో, ఇంకా షాజాదాగానే ఉన్న ఔరంగజేబు ముట్టడించి పోయాక, శత్రువుకి అలుసిచ్చే గుట్టను లోపలికి కలుపుకుంటూ అబ్దుల్లా కుతుబ్‌షా నయా ఖిలా కట్టించాడు. అంటే ఆ గోడ లేచిందే మొగలుల భయంతో! 1687లో ఎనిమిది నెలల ముట్టడి. ఫిరంగులకి లొంగని కోట, లోపలివాడు తలుపు తీస్తే పడింది. తీసిన అబ్దుల్లా ఖాన్ పన్నీ ముస్లిం. ఒళ్లంతా గాయాలతో అడ్డం నిలబడి పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ ముస్లిం. బయట డేరాలో ఉన్న బాద్‌షా ముస్లిం, దౌలతాబాద్ చెరలో పోయిన తానీషా ముస్లిం. ఆ తానీషాకి వజీరు మాదన్న, బ్రాహ్మడు. ఇప్పుడు 'మనవాళ్లు', 'వాళ్లు' అనే గీత ఎక్కడ గీస్తారో గీయండి.

మొగలుల చెయ్యి పడిన కట్టడం హైదరాబాద్‌లో ఒకటుంది, మక్కా మసీదు. మొదలుపెట్టింది కుతుబ్‌షాహీలు, ముగించింది ఔరంగజేబు. ఫొటోలవాళ్లకి అక్కడ పావురాలు కావాలి. 2007 మే 18న జుమా నమాజు వేళ అక్కడే బాంబు పేలింది. పాతబస్తీ కుర్రాళ్లని పోలీసులు పట్టుకుపోయారు. వాళ్లమీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. 2018లో, తరవాత పట్టుకున్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. మరి బాంబు పెట్టిందెవరు, పావురాలా?

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్రలోంచి మొగల్ దర్బారు అధ్యాయం తీసేసింది. పుస్తకంలోంచి తీస్తారు, మా నొసటిమీదినుంచి మాత్రం తీయరు.

నయా ఖిలాలో 'హతియాన్ కా ఝాడ్' అని ఒక ఏనుగంత చెట్టుంది. బావొబాబ్, ఆఫ్రికా జాతి. దాని ముందు నిలబడి ఫొటో దిగనివాళ్లు తక్కువ. ఆ తోటల నేలమీద ఇవాళ గోల్ఫ్ ఆడుతున్నారు, అది వేరే కథ. సముద్రం దాటొచ్చిన చెట్టు కొన్ని వందల ఏళ్లకి 'మన వారసత్వం' అయింది. సంతోషమే. మా దాదాల దాదాలు ఈ మట్టిలోనే కలిసినా, ఇంట్లో ఉర్దూ మాట్లాడి పత్రికలో తెలుగు రాసే నన్ను 'మీరు తెలుగు భలే మాట్లాడతారండీ' అంటారు. చెట్టుకున్న పాటి పౌరసత్వం మాకు లేదా?

ఆ క్యాలెండర్‌లో జలపాతం పేజీలోనూ మనిషి లేడు. ఆ కొండల్లో దున్నుకునే కోదులూ భగతలూ కెమెరాకి అడ్డం. థింసా ఆడించేటప్పుడు మాత్రం వాళ్లు కావాలి, మేము హలీం నెలలో కావాలి. ఆదివాసీని అడవిలో కలిపేస్తారు, ముస్లింని గోడలో. 'ప్రకృతి ఒడిలో చరిత్ర' అని పేరు పెడతారు. జీతం, జాగా, కేసు, కరెంటు బిల్లు ఉన్న మనిషి ఫ్రేములో పడితే అందం చెడిపోతుందట.

ఈసారి గోల్కొండ వెళ్లినప్పుడు కెమెరాని కాస్త కిందికి తిప్పండి. ఫతే దర్వాజా కిందనుంచి ఆటోలు పోతుంటాయి, పిల్లల్ని బడికి తీసుకెళ్లే బురఖా తల్లులు పోతుంటారు. ఆ దర్వాజాకి 'ఫతే' అనే పేరు ఎవరు ఎవరిమీద గెలిస్తే వచ్చిందో వాళ్లనడగండి. చెబుతారు.