కస్తూరి పసుపు: రంగుకు ధరా, వాసనకు ధరా?

కొమ్మును విరిచి, లోపలి రంగు చూచి ధర చెప్పడం దుగ్గిరాలలోనూ నిజామాబాదులోనూ తరతరాల అలవాటు. వంట పసుపు విషయంలో అందులో తప్పు లేదు. కుర్‌క్యుమిన్ పెరిగిన కొద్దీ రంగు చిక్కబడుతుంది గనుక అనుభవం గల ఖరీదుదారు కన్ను చాలావరకు సరిగానే తీర్పు చెబుతుంది. అదే కన్నుతో కస్తూరి పసుపును బేరమాడటం వద్దనే చిక్కు వస్తున్నది.

అసలైన కస్తూరి పసుపు దుంప లోపల లేత పసుపుగా, ఒక్కొక్కప్పుడు దాదాపు మీగడ రంగులో ఉంటుంది. కుర్‌క్యుమిన్ అందులో స్వల్పం. మందుల తయారీదార్లు, సున్నిపిండి, లేపనాల వ్యాపారులు దానిని కొనేది కర్పూరపు వాసన గల తైలం కోసం. రంగు ఉంటేనే ధర అంటే ఏమవుతుందో కేరళలో తెలిసివచ్చింది. అక్కడ కస్తూరి పేరిట అమ్ముడుపోయే సరుకులో కచ్చూరాల జాతికి చెందిన ముదురు పసుపు దుంప విస్తారంగా ఉంటున్నది. చూపుకు అదే మేలురకం!

కోస్తాలో పేరు దగ్గరే మరో తిరకాసు ఉన్నది. ఏడు నెలలకు తవ్వకానికి వచ్చే స్వల్పకాలిక రకాలను కస్తూరి రకాలని, ఎనిమిది నెలల వాటిని కేసరి రకాలని అనడం పాత వాడుక. ఆ పేరుతో వచ్చిన ప్రతి బస్తా మందుల వ్యాపారానికి పనికివస్తుందని అనుకోరాదు. వంట పసుపు మాదిరిగానే ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో మెరుగు పెట్టిన సరుకు కావచ్చు.

జాతి సరైనదే అయినా పని పూర్తి కాదు. మేఘాలయలోని జయంతియా కొండల లకడాంగ్ పసుపులో కుర్‌క్యుమిన్ 7 శాతం వరకు ఉంటుందని అందరూ చెప్పుకుంటారు. అదే విత్తనం మరో నేలలో అదే అంకె ఇస్తుందన్న హామీ లేదు. కస్తూరి పసుపులో ఈ తేడా మరింత ఎక్కువ. ఒక ప్రాంతపు దుంపల తైలంలో కర్పూరం ముందుంటే, మరొక ప్రాంతపు దుంపల్లో వేరే పదార్థం ముందుంటుంది. రెండూ కలిపి ఒకే రాశి పోస్తే ఈ బస్తాలో ఒక వాసన, ఆ బస్తాలో ఒక వాసన. శాంపిలుకు, సరుకుకు పొంతన ఉండదు. తిప్పిపంపిన లారీ కిరాయి ఎవరి నెత్తిన పడుతుందో కమీషన్ వ్యాపారులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నీరు నిలిచే నల్లనేలల్లో దుంపకుళ్లు భయం ఎప్పుడూ ఉన్నదే. కుళ్లిన చివరలు కోసి, మిగిలినది ఎండబెట్టి మంచి సరుకులో కలిపితే కంటికి తెలియదు, నిల్వలో తెలుస్తుంది. పాడేరు, చింతపల్లి వైపు కొండవాలు నేలల్లో నీరు జారిపోతుంది. అక్కడి రైతులు నాటు పసుపును రెండేళ్లు భూమిలోనే ఉంచడం పాత పద్ధతి. అడవి దుంపల సంగతి వేరు. తూకానికి డబ్బు ఇచ్చినప్పుడు, తాను తవ్వకపోతే మరొకరు తవ్వుతారన్న తొందరలో ఆకు ఎండకముందే గునపం వేస్తారు. లేత దుంపలో నీరే ఎక్కువ. ముదిరిన వంట పసుపే పచ్చిది సుమారు ఐదు క్వింటాళ్లకు ఎండుది ఒక క్వింటాలు దిగుతుంది. లేత దుంప తరుగు కొన్నవాడికే తగులుతుంది. ఇక కస్తూరిని ఉడికించడం, మండుటెండలో ఆరబోయడం తైలాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే. బిళ్లలుగా కోసి నీడన ఆరబెట్టవలసిన సరుకు అది.

2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. పసుపు మాట వస్తే ఇప్పుడు కుర్‌క్యుమిన్ శాతం ప్రస్తావన లేకుండా ఉండదు. ఆ ఒక్క శాతంతోనే అన్ని పసుపులకూ గ్రేడు కడితే కస్తూరి అట్టడుగున పడుతుంది, పెంచేవాడు మానుకుంటాడు. దీనికి తైలం పరీక్ష వేరుగా ఉండాలి.

రాబడి కొద్దిపాటిదని, ఊరూరి సరుకును విడిగా ఉంచడం గిట్టదని కొందరు వర్తకుల వాదన. కొద్దిపాటి సరుకు కనుకనే అది సాధ్యం. ఊరు, నేల, తవ్విన నెల, ఎన్నేళ్ల దుంప, ఎలా ఆరబెట్టినది అన్న ఐదు ముక్కలు చీటీ మీద వ్రాసి బస్తాకు కట్టడానికి ఖర్చేమీ లేదు. ఆ చీటీ తవ్విన చోటనే కట్టాలి. గోదాముకు చేరి రాశిలో కలిసిన తరువాత వ్రాసేది ఊహ మాత్రమే.