తాళం మందు కాదు

"మా తమ్ముడికి మతి స్థిమితం లేదు. చెప్పకుండా ఎటో వెళ్లిపోతున్నాడు. రాత్రిళ్లు గదిలో పెట్టి తాళం వేస్తున్నాము. తప్పా డాక్టరు గారూ?" ఇలా అడిగేవారు చాలామంది ఉన్నారు. వారు కఠినాత్ములు కారు. భయపడి అలా చేస్తారు. కాని ఆ తాళం వల్ల ఎంత అనర్థం జరగగలదో ఒకసారి తెలుసుకోండి.

1903 జనవరి 27న లండన్ ఉత్తర ప్రాంతంలోని కోల్నీ హ్యాచ్ పిచ్చాసుపత్రిలో నిప్పంటుకుంది. రోగులు ఎక్కువై చోటు చాలక, తాత్కాలికంగా కొయ్యతో కట్టిన భాగమది. యాభైమందికి పైగా స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. 1950 జనవరి 7న అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో ఒక ఆసుపత్రి మానసిక విభాగం తగలబడి 41 మంది మరణించారు. కిటికీలకు చువ్వలుండటంతో ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఇవి పరాయి దేశాల పాత కథలని తోసిపుచ్చకండి. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు వెళితే మనోవ్యాధి నయమవుతుందని ఎందరో నమ్ముతారు. అలా తెచ్చిన రోగులను ఆ ఊళ్లో ప్రైవేటు వ్యక్తులు డబ్బు తీసుకుని పాకల్లో ఉంచేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అలాంటి ఒక పాక అంటుకుంది. లోపలివారి కాళ్లకు గొలుసులున్నాయి. 28 మంది చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వం అక్కడి అటువంటి గృహాలను మూసివేయించింది. సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది.

వీరెవరూ మనోవ్యాధితో చనిపోలేదని గమనించండి. అగ్నిప్రమాదాలలో చాలామందిని చంపేది మంటకన్నా ముందు పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు, ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పుతుంది. నిద్రమాత్ర వేసుకున్న మనిషి అసలే ఆలస్యంగా లేస్తాడు. లేచేసరికి తలుపుకు తాళం, తాళంచెవి ఇంకెవరి దగ్గరో! ఇక బయటపడేదెలా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టరాదు. రోగికి గాని ఇతరులకు గాని తక్షణ ప్రమాదం ఉండి, వేరే మార్గం లేనప్పుడే, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపు మాత్రమే ఆసుపత్రిలో అదుపులో ఉంచవచ్చు.

మరి ఇంట్లోవారు ఏం చేయాలి? రోగి తిరగబడినా, రాత్రిళ్లు నిద్రపోకపోయినా, ఇల్లు విడిచిపోతున్నా వెంటనే వైద్యునికి చెప్పండి. మందు చాలకపోవటం గాని, రోగి మింగకుండా పారవేయటం గాని కారణం కావచ్చు. మాత్రలు వేసుకోనివారికి కొన్ని వారాలపాటు పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. కాస్త తగ్గింది కదా అని మీ అంతట మీరు మందు మానిపించకండి. చొక్కా జేబులో చిరునామా చీటీ పెట్టండి. ఇరుగుపొరుగుకు సంగతి చెప్పి ఉంచండి. దాచిపెడితే ఆపదలో ఆదుకునేవారుండరు.

ఎక్కడైనా చేర్పించవలసి వస్తే ముందు వెళ్లి చూసి, ఈ ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ ఉన్నదా? మానసిక వైద్యుడు ఎన్నాళ్లకొకసారి వస్తాడు? రాత్రి మెలకువగా ఉండేది ఎవరు? తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి? బయటపడటానికి రెండవ దారి ఉన్నదా? చెప్పకుండా వచ్చినా మనిషిని చూపిస్తారా? జవాబు చెప్పటానికి తటపటాయించే చోట మీ వారిని వదిలి రాకండి.

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చు.

మీ ఇంట అటువంటి గది ఉంటే, ఈ రాత్రికే ఆ తాళం తీసివేయండి. ఎవరో ఒకరు అదే గదిలో పక్క వేసుకుని పడుకోండి. తెల్లవారగానే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.