ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది!

యాభై దాటిన పాఠకుల్లో ఒక రకం వాళ్లుంటారు. చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల షాపుకి రోజూ హాజరు. రెండోరోజు అద్దె పడకూడదని తెల్లారేలోగా నవల ముగించి, మూసిన షాపు ముందు నిలబడ్డ ఘనులు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లల ఫీజులు. ఇప్పుడు ఎప్పుడైనా పుస్తకం కొంటే చరిత్రో, ఆత్మకథో కొంటారు. ‘ప్రేమ... సస్పెన్సా? ఆ వయసు దాటిపోయిందండీ’ అంటారు, కాస్త గర్వంగానే! అలాంటివాళ్లకి ఇల్లు సర్దుతుంటే అటక మీది అట్టపెట్టెలో ‘వెన్నెల్లో ఆడపిల్ల’ దొరికిందనుకోండి. దుమ్ము దులుపుదామని తీస్తారు. ఒక పేజీ చూద్దామనుకుంటారు. అంతే... ఆ పూటకి సర్దుడు ఆగిపోయినట్టే.

యండమూరి వీరేంద్రనాథ్ నవలల్లో ఇదో ప్రత్యేకమైన కథ. రేవంత్ చదరంగం ఆటగాడు. ఎవరో తెలియని అమ్మాయి ఫోన్ చేస్తుంది. మాటకారి, తెలివైనది. తన వివరాలు చెప్పదు. దమ్ముంటే కనుక్కోమంటుంది. ఆచూకీలు మాత్రం పొడుపుకథల్లా ఇస్తూ ఉంటుంది. హత్య లేదు, చేతబడి లేదు. ఒక గొంతు, ఒక ఫోను... నవల మొత్తాన్ని అవే లాక్కుపోతాయి.

అప్పటికి తెలుగు నవల రుచి ఒకసారి మారింది. యద్దనపూడి సులోచనారాణి రోజుల్లో ప్రేమంటే అభిమానవతి అయిన అమ్మాయి, హుందా అయిన అబ్బాయి, మధ్యలో ఓ అపార్థం. ‘తులసిదళం’ వచ్చాక పాఠకుడు భయపడటానికి అలవాటుపడ్డాడు. ‘అభిలాష’, ‘ఛాలెంజ్’, ‘రాక్షసుడు’... యండమూరి నవలలు వరసపెట్టి చిరంజీవి సినిమాలయ్యాయి. అంత వేగానికి అలవాటుపడ్డవాళ్లని ఓ ఫోన్ సంభాషణ ముందు కట్టిపడేయడం మాటలు కాదు.

మరి ఇప్పుడు చదివితే? నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల పంటికింద రాళ్లు తగులుతాయి. కథ ఆపి జీవితం గురించి చెప్పే మాటలు ఆ రోజుల్లో నోటుబుక్కులో ఎక్కించుకోదగ్గవి. ఇప్పుడు అవే కాస్త పాఠంలా అనిపిస్తాయి. హీరో ఎప్పుడూ మరీ అంత తెలివిగా ఉండాలా అనీ అనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంట్లో పిల్లలకి కథ చెప్పబోయినప్పుడు వస్తుంది. ‘ఫోన్ చేస్తే నంబరు పడదా?’ అని అడుగుతారు. పడదు నాయనా! అప్పట్లో ఫోన్ కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూడాలి. వచ్చాక అది మోగితే ఎవరు చేశారో ఎత్తితేగానీ తెలియదు. ఎత్తినా అవతలివాళ్లు చెబితేనే. నేటి సెల్‌ఫోన్‌లో అయితే ఈ నవల మొదటి పేజీలోనే అయిపోయేది.

ఇన్ని లోపాలు కనిపిస్తున్నా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. విచిత్రమేమిటంటే, ముగింపు తెలిసినవాళ్లకే ఇది ఎక్కువ పట్టుకుంటుంది. (ఇంకా చదవనివాళ్లు ఇక్కడి నుంచి రెండు పేరాలు దాటేయండి, మీ మంచికే!)

ఆ అమ్మాయికి మిగిలిన రోజులు తక్కువ. రేవంత్ చిక్కుముడులన్నీ విప్పి చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఇరవై ఏళ్ల వయసులో చదివినప్పుడు పాఠకుడు రేవంత్ పక్కన కూర్చుంటాడు. ఎవరీ పిల్ల, నంబరెంత, ఇల్లెక్కడ... ధ్యాసంతా అటే. ఆ చివరి దెబ్బకి దిండు తడిపినవాళ్లు ఎందరో! యాభై ఏళ్లప్పుడు మాత్రం పాఠకుడు లేచి ఫోనుకి అటువైపు వెళ్తాడు. ఆమె జోకు వేస్తే నవ్వు రాదు. ‘ఇంకా కనుక్కోలేదా?’ అని ఆమె ఆటపట్టిస్తుంటే, అది ఆటపట్టించడమో, తొందరపెట్టడమో అని గుండె కలుక్కుమంటుంది. అప్పుడు సస్పెన్స్ ఆమె ఎవరన్నది. ఇప్పుడు సస్పెన్స్ ఆమె ఏం చెప్పకుండా దాస్తోందన్నది. ఈ మధ్యలో మనమూ కొందరిని పోగొట్టుకుని ఉంటాం. ఆసుపత్రి మంచం మీద నుంచి ‘నాకేం, బాగానే ఉన్నాను’ అన్న గొంతులు విని ఉంటాం. ఆ వినికిడితో చదివితే, చిన్నప్పుడు గబగబా తిప్పేసిన పేజీలే ఎక్కువసేపు ఆపుతాయి.

ఈ గుట్టు కన్నడంవాళ్లు బాగా పట్టుకున్నారు. సునీల్‌కుమార్ దేశాయి ఈ నవలని 1995లో ‘బెళదింగళ బాలె’గా తీశారు. అనంత్‌నాగ్ హీరో. కథానాయిక ముఖం ప్రేక్షకులకి చూపించనే లేదు. గొంతు వినిపిస్తే చాలన్నారు. ఏ తారనో పెట్టి వెన్నెల్లో పాట తీసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అభిరుచి పెరిగిందనుకునేవాళ్లు పాత నవలని దాచుకుని చదవడం కూడా ఓ తమాషా. పైన బరువైన పుస్తకం, కింద ఇది. అలా అక్కర్లేదు. కాకపోతే ఓ జాగ్రత్త. అటక మీది ప్రతి అద్దె షాపు నుంచి తిరిగి ఇవ్వకుండా ఉండిపోయినదైతే, మీకంటే ముందు చదివిన మహానుభావుడెవరో పొడుపుకథల జవాబులన్నీ పేజీ అంచుల్లో బాల్‌పెన్నుతో రాసేసి ఉండొచ్చు!