తాగి నడిపినా 3,416, నెమ్మదిగా నడిపినా 3,416

మన దేశంలో కారు థర్డ్ పార్టీ బీమా ధరను తేల్చేది ఇంజిన్ సైజు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి నుంచి 1,500 సీసీ వరకు 3,416, అది దాటితే 7,897. స్టీరింగ్ ముందు కూర్చునేది ఎలాంటి మనిషన్నది ఆ పట్టికకు పట్టదు. ట్రాఫిక్ ఉల్లంఘనలకూ ప్రీమియానికీ ముడిపెడదామన్న మాట ఎత్తగానే ‘జనం నెత్తిన ఇంకో భారం’ అని గగ్గోలు పెట్టేవారు ఈ 3,416 గురించి ఒక్క ముక్క మాట్లాడరు. అది భారమే, కాకపోతే మోస్తున్నది జాగ్రత్తగా నడిపేవాళ్లు.

హైదరాబాద్‌లో వారాంతపు రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఒక కారు ఆగుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు చట్టం పెట్టిన హద్దు; బ్రెత్ అనలైజర్ 150 చూపిస్తుంది. కారు స్టేషన్‌కు పోతుంది. మనిషి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్‌కు, అక్కణ్నుంచి కోర్టుకు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నెల తిరిగేసరికి బీమా రెన్యూవల్ వస్తుంది. ఫోన్‌లో బండి నంబరు కొడితే కనిపించే గళ్లు ఇవీ: ఐడీవీ, ఓన్ డ్యామేజ్, నో క్లెయిమ్ బోనస్, థర్డ్ పార్టీ, జీఎస్టీ. కోర్టు వేసిన శిక్షకు గడి లేదు. 1,200 సీసీ కారైతే థర్డ్ పార్టీ 3,416. వారానికోసారి రైతుబజారుకు తప్ప కారు బయటికి తీయని రిటైర్డ్ టీచరుకూ 3,416.

ఓన్ డ్యామేజ్ భాగం ఇంకా విడ్డూరం. అక్కడ ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలకు 2007లోనే వచ్చింది. అయినా రాయితీ లెక్క ప్రధానంగా క్లెయిముల చుట్టూనే తిరుగుతోంది. ఐదేళ్లు సిగ్నళ్లు దూకి, రాంగ్ రూట్లో తిరిగి, క్లెయిమ్ మాత్రం పెట్టనివాడికి 50 శాతం బోనస్. ఇంటి ముందు నిలిపిన కారును ఎవరో గుద్దిపోతే క్లెయిమ్ పెట్టుకున్నవాడికి బోనస్ సున్నా.

దీన్ని సరిదిద్దే ఆలోచన రాకపోలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒక కార్యాచరణ బృందాన్ని వేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కు 10 చొప్పున లెక్కగట్టి విడిగా ‘ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం’ వసూలు చేయాలని, ముందు ఢిల్లీలో ప్రయోగించి చూడాలని 2021 జనవరిలో ఆ బృందం సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సుగానే మిగిలింది. తెలంగాణ అంతకుముందే, 2017 ఆగస్టులో, పెనాల్టీ పాయింట్లు తెచ్చింది: 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాదిపాటు లైసెన్సు సస్పెన్షన్. ఆ పాయింట్లు బీమా కాగితం దాకా రాలేదు. వచ్చినవి రాయితీలు. 2022లో కార్ల పెండింగ్ చలాన్ల మీద 50 శాతం, 2023 డిసెంబరులో 60 శాతం మాఫీ. గడువు ముగిసేలోగా కట్టండి అంటూ ప్రకటనలు, బట్టల దుకాణం ఆషాఢం సేల్ తీరులో.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం ప్రీమియం నిర్ణయంలో మొదటి ప్రమాణం డ్రైవింగ్ రికార్డు. మన మోటారు వాహనాల చట్టానిదీ అదే ఏడాది. తాగి పట్టుబడితే బీమా ఎంత పెరుగుతుందో బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అభ్యంతరాల్లో ఒకటి నిజమైనది. కెమెరా చలాను బండి నంబరు మీద పడుతుంది. నడిపింది యజమానో, డ్రైవరో, బావమరిదో కెమెరాకు తెలియదు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో సుమారు 71 శాతం మరణాలను కేంద్రం అతివేగం ఖాతాలోనే రాసింది. అయినా కెమెరాకు చిక్కిన అతివేగాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. రాంగ్ పార్కింగ్‌ను ఎప్పటికీ పక్కన పెట్టవచ్చు. 185వ సెక్షన్ కేసులో ఆ సందేహానికే తావులేదు: పోలీసులు పట్టుకున్నది మనిషిని, రాసుకున్నది లైసెన్సు నంబరును, శిక్ష వేసింది కోర్టు. ప్రీమియం పెరిగితే బీమాయే మానేస్తారన్నది రెండో వాదన. రోడ్ల మీద సుమారు సగం బళ్లకు ఇప్పటికే బీమా లేదు. తాగి నడిపినవాడికి ధర పెంచడం వల్ల వచ్చిపడిన జబ్బు కాదది.

బీమా ఉండి తాగి నడిపినవాడు ఒకరిని గుద్దితే ఏమవుతుంది? బాధితుల కుటుంబానికి ముందు బీమా కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశిస్తుంటాయి. ఆ కుటుంబానికి సొమ్ము అందాల్సిందే. యజమాని దగ్గర రాలని సొమ్ము మాత్రం ఉమ్మడి నిధి మీదే పడుతుంది. ఆ నిధిలో టీచరుగారి 3,416 ఉంది.

డ్రైవరును బట్టి ధర మార్చడం ఆచరణలో కష్టమని చెప్పేవారు ఆ ధరల పట్టిక ఉన్న 2022 నియమావళిని ఒకసారి తిరగేస్తే తెలుస్తుంది. వింటేజ్ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. విద్యుత్ కారుకు 15 శాతం, హైబ్రిడ్‌కు 7.5, విద్యాసంస్థల బస్సులకు 15. షెడ్డులో ముసుగేసి ఉంచిన పాతకాలపు కారు యజమానిని గుర్తుపట్టి సగం ధర తగ్గించగలిగిన ప్రభుత్వానికి, కోర్టు రికార్డులో పేరూ లైసెన్సు నంబరూ ఉన్న తాగుబోతు డ్రైవరు కనిపించడం లేదంటే ఎవరు నమ్మాలి? ఆ నియమాలను రాసే అధికారం ఐఆర్‌డీఏఐని సంప్రదించి కేంద్రానిదే. తగ్గింపుల వరసల కిందే 185వ సెక్షన్ శిక్షకు పెంపు వరస ఒకటి చేర్చడానికి అడ్డుపడుతున్నదేమిటో రవాణా శాఖే చెప్పాలి.